వంశవృక్షం ఎవరి ఆస్తి?

వంశచరిత్రలు అచ్చు వేయించడం ఇప్పుడు మన మధ్యతరగతి ఇళ్లలో ఒక ఉద్యమంలా సాగుతోంది. పిల్లలు అమెరికాలో స్థిరపడిన కుటుంబాలకూ, ఊళ్లో ఆస్తులు అమ్మేసుకుంటున్న కుటుంబాలకూ, కులసంఘాల్లో పేరు తెచ్చుకున్న కుటుంబాలకూ ఒక మూలపురుషుడు కావలసి వస్తున్నాడు. ఆ మూలపురుషుడు ఎప్పుడూ ఒకేలా ఉంటాడు. కట్టుబట్టలతో ఊరు విడిచి వస్తాడు. స్వయంకృషితో పైకొస్తాడు. సత్రం కట్టిస్తాడు, గుడికి మాన్యం రాసిస్తాడు. అతని కింద కొడుకులు, వాళ్ల కింద కొడుకులు. చెట్టు అలా కొమ్మలు వేస్తూ పోతుంది. కోడళ్లు బ్రాకెట్లలో ఉంటారు. కూతుళ్లు అసలే ఉండరు.

ఈ పుస్తకాలను పెద్దవాళ్ల కాలక్షేపం కింద తీసిపారేయడం మనలో చాలామందికి అలవాటు. నేను అందుకు ఒప్పుకోను. వంశవృక్షం జ్ఞాపకం కాదు, దస్తావేజు. ఎవరు వారసులో, ఎవరు కాదో చెప్పే కాగితం అది. తహశీల్దారు ఆఫీసులో కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం కోసం వెళ్లినప్పుడు, భాగపంపిణీ దస్తావేజు రాయించేటప్పుడు ఈ చెట్టే వచ్చి బల్ల మీద కూర్చుంటుంది. అందులో లేని మనిషికి ఆస్తిలో వాటా ఉందని గుర్తు చేయడానికి ఆ మనిషే కోర్టుకెక్కాలి. కాబట్టి ఈ చెట్టును ఎవరు గీశారు, ఎవరి శ్రమను, ఎవరి సొమ్మును దాని వేళ్ల కింద పూడ్చిపెట్టారు అనేది స్త్రీల హక్కుల సమస్యే.

మా ఇంట్లోనూ అలాంటి పుస్తకం ఒకటి తయారవుతోంది. బందరులో బట్టల వ్యాపారం చేసి పేరు తెచ్చుకున్న మా తాతగారి ముత్తాత దానికి కథానాయకుడు. సోషియాలజీలో డాక్టరేటు ఉంది కనుక ముందుమాట నేనే రాయాలని మా పెదనాన్నగారి అబ్బాయి కోరాడు. "నువ్వు రాస్తేనే దానికి విలువమ్మా" అన్నాడు. రికార్డులు చూశాకే రాస్తానన్నాను. మూడేళ్లుగా చూస్తున్నాను. చెన్నైలోని పాత మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు, రిజిస్ట్రారు ఆఫీసు నుంచి తీయించిన దస్తావేజుల నకళ్లు, ఇంటి అటక మీది చిట్టా ఆవర్జాలు, మా నాయనమ్మ చెబుతుండగా రాసి పెట్టుకున్న మాటలు. ఇవన్నీ కలిపితే కనిపించే షావుకారు వేరు, పుస్తకంలోని షావుకారు వేరు. ఆ ముందుమాట నేను రాయను. ఎందుకు రాయనో ఇక్కడ చెబుతాను. ఆస్తి తగాదా ఇంకా తెగలేదు కనుక ఇంటిపేరూ, మనుషుల పేర్లూ ఇవ్వడం లేదు. షావుకారు పేరు కూడా ఇవ్వడం లేదు కాబట్టి ఈ ఒక్క వ్యాసంలోనైనా మా ఇంటి ఆడా మగా సమానమే.

ఒట్టి చేతులా?

"నందన కరువులో ఒట్టి చేతులతో ఒంటరిగా బందరు చేరి" అని మొదలవుతుంది మా వాళ్ల పుస్తకం. నందన నామ సంవత్సరపు కరువు, 1832-33 నాటిది, మన చరిత్రలోని ఘోరాల్లో ఒకటి. గుంటూరు ప్రాంతపు 5 లక్షల జనాభాలో లక్షన్నర నుంచి 2 లక్షల మంది దాకా చనిపోయారని అంచనా. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. డొక్కలు ఎండిన జనం మద్రాసు దారిలోనూ బందరు దారిలోనూ రాలిపోయారు.

అప్పటికి మా మూలపురుషుడి వయసు పదేళ్లలోపే. పదేళ్ల పిల్లవాడు కరువులో ఒంటరిగా నడిచి వచ్చి బతికాడా? మా నాయనమ్మకు ఆమె అత్తగారు చెప్పిన కథ వేరు. అతన్ని తల్లి తీసుకొచ్చింది. భర్త పోయిన మనిషి. బందరులో ఒకరి అరుగు మీద చోటు అడిగి, శనగలు వేయించి, మరమరాలు కలిపి, గంపలో పెట్టుకుని అమ్మింది. కొడుకును కొట్లో గుమాస్తాగా పెట్టేదాకా ఆ గంపే ఇల్లు నడిపింది. మా ఇంటి మొదటి పెట్టుబడి అదీ. ఈ కథ ఆడవాళ్ల నోట నాలుగు తరాలు నడిచింది. మగవాళ్ల పుస్తకంలోకి మాత్రం రాలేదు. అడిగితే "ఆధారం లేదు కదా" అంటారు. అతను ఒంటరిగా వచ్చాడనడానికి ఆధారం ఏముంది? అక్కడ ఆధారం ఎవరూ అడగరు. మగవాడి స్వయంకృషికి సాక్ష్యం అక్కర్లేదు, ఆడదాని కృషికి మాత్రం రిజిస్టరు కాగితం కావాలి!

రాట్నం తిప్పినవాళ్లు

ఇక వ్యాపారం సంగతి. బందరు బట్ట అంటే ప్రపంచానికి తెలుసు. ఇంగ్లీషు కంపెనీ 1611లో అక్కడ కోఠీ పెట్టింది. డచ్చివాళ్లు అంతకు ముందే వచ్చారు. కృష్ణా డెల్టా ఇసుక నేలల్లో దొరికే చిరివేరు ఇచ్చే ఎరుపు రంగు, కలంకారీ అద్దకం, పర్షియా దాకా వెళ్లే దుప్పట్లూ రుమాళ్లూ. తీరం లోతు తక్కువ కాబట్టి ఓడలు దూరంగా లంగరు వేసేవి, సరుకు పడవల మీద చేరేది. ఈ వివరాలన్నీ మా వాళ్ల పుస్తకంలో ఉన్నాయి. చక్కగానే రాశారు. లేనిది ఒక్కటే, నూలు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న.

ఒక మగ్గం ఆడాలంటే దాని వెనక అనేక రాట్నాలు తిరగాలి. రాట్నం తిప్పింది ఆడవాళ్లు. సాలెల ఇళ్ల ఆడవాళ్లే కాదు, కాపుల ఇళ్ల ఆడవాళ్లు, మాల ఇళ్ల ఆడవాళ్లు, ఏ దిక్కూ లేని వితంతువులు. ఇల్లు కదలకుండా నాలుగు డబ్బులు సంపాదించుకోగలిగిన పని అదొక్కటే. షావుకారు బయానా ఇచ్చేది నేతగాడికి. లెక్కలో పేరు పడేది నేతగాడిది. నూలు వడికిన మనిషి ఏ ఖాతాలోనూ లేదు.

1833 చార్టర్ చట్టంతో కంపెనీ వర్తకం నిలిచిపోయింది. ఇంగ్లండు మిల్లు నూలు, మిల్లు బట్ట వచ్చి పడ్డాయి. చేనేత పతనం గురించి మనకు పుస్తకాలున్నాయి, పాటలున్నాయి. కానీ మిల్లు నూలు మొదట కొట్టింది మగ్గాన్ని కాదు, రాట్నాన్ని. చౌక నూలు దొరికితే నేతగాడు కొంతకాలం నిలదొక్కుకోగలిగాడు. వడికే ఆడదానికి నిలబడే చోటే లేకుండా పోయింది. ఆ నష్టాన్ని ఏ కలెక్టరూ "పరిశ్రమ మూత" అని రాయలేదు. ఇంట్లో చేసే పనిని పరిశ్రమ అనరు కదా.

మా మూలపురుషుడు ఆ రోజుల్లో ఏం చేశాడో ఆవర్జా చెబుతోంది. ఇంగ్లీషు నూలు తెప్పించి పెడన చుట్టుపక్కల నేతగాళ్లకు అరువిచ్చాడు. అతను లేచింది దాంతోనే. "మారిన కాలాన్ని ముందే పసిగట్టిన దూరదృష్టి" అని మా వాళ్లు రాసుకున్నారు. ఒక వితంతువు కష్టంతో పెరిగిన కొడుకు వేలమంది వితంతువుల రాట్నాలను ఆపిన నూలు అమ్మి షావుకారయ్యాడు. ఇది వ్యక్తి దుర్మార్గం అనడం లేదు. కానీ దీన్ని దూరదృష్టి అని పిలిచే చరిత్ర ఎవరి వైపు నుంచి చూస్తోందో మనం అడగాలి.

ఉప్పెనలో పోయిన పేర్లు

1864 నవంబరు 1 రాత్రి బందరును ఉప్పెన ముంచింది. 13 అడుగుల ఎత్తున సముద్రం ఊరి మీద పడింది. సుమారు 30,000 మంది చనిపోయారని అంచనా. దీపావళి అమావాస్య వెళ్లి రెండు రోజులే అయింది. "ఆ రాత్రి సర్వం కోల్పోయి, లెక్కల పుస్తకాలు మాత్రం కాపాడుకుని, మళ్లీ లేచి నిలబడ్డాడు" అని ఒక్క వాక్యం ఉంది మా వాళ్ల పుస్తకంలో.

"సర్వం" అనే ఆ మాట వెనక ఎవరున్నారో నాయనమ్మ చెప్పింది. అతని మొదటి భార్య. పండక్కి పుట్టింటికి వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు. పెళ్లయిన పిల్లలు కనుక వాళ్లు పుట్టింటి చెట్టులో లేరు. బిడ్డలు లేకుండా పోయారు కనుక అత్తింటి చెట్టులోనూ ఉండరు. పితృకార్యంలో తల్లి, నాయనమ్మ, ముత్తవ్వ పేర్లు మూడు తరాల దాకా చదువుతారు. కూతుళ్లకు ఆ మూడు తరాల పాటి చోటు కూడా లేదు. మొదటి భార్యకు మగపిల్లలు లేరు కాబట్టి ఆమె పేరూ జారిపోయింది. లెక్కల పుస్తకాలు మిగిలాయి, నా బల్ల మీద ఉన్నాయి. ఆ ముగ్గురు ఆడవాళ్ల పేర్లు ఎంత వెతికినా దొరకలేదు. ఒక కుటుంబం ఏది కాపాడుకుంటుంది, ఏది వదిలేస్తుంది అనడానికి ఇంతకంటే సాక్ష్యం నాకు అక్కర్లేదు.

ఇంటి బంగారం

మళ్లీ లేచాడు సరే, దేని మీద లేచాడు? తుపాను తర్వాతి ఏళ్ల చిట్టాలో ఒక పద్దు పదే పదే కనిపిస్తుంది: "ఇంటి బంగారం కుదువ". ఇంటి బంగారం అంటే ఎవరిది? అప్పటికి రెండో పెళ్లయింది. మేనరికం. ఆ పిల్ల ఒంటి మీద వచ్చిన నగలు అవి. కుదువ పెట్టిన పద్దులు చాలా ఉన్నాయి. విడిపించి ఆమెకిచ్చిన పద్దు ఒక్కటీ నాకు కనబడలేదు.

దీనికి ధర్మశాస్త్రంలో దారి ముందే వేసి ఉంది. స్త్రీధనం స్త్రీదే అంటూనే, కరువులో, ధర్మకార్యంలో, జబ్బులో, అప్పులవాళ్ల నిర్బంధంలో భర్త వాడుకుంటే తిరిగి ఇవ్వనక్కర్లేదని స్మృతి చెప్పింది. వ్యాపారం చేసే ఇంట్లో ఈ నాలుగింటిలో ఏదో ఒకటి లేని రోజు ఎప్పుడు? మేనరికం గురించి కూడా ఒక మాట. కోమట్లు మేనరికాన్ని ఎంత గట్టిగా పాటిస్తారో 1909లో థర్‌స్టన్ తన కులాల గ్రంథంలో రాశాడు. దాన్ని ఆచారం, అనుబంధం అని చెప్పుకుంటాం. ఆడపిల్లతో పాటు బయటికి వెళ్లిన సొమ్ము మరో ఆడపిల్లతో పాటు అదే గుంపులోకి తిరిగి రావడం కూడా మేనరికమే. బ్యాంకులు లేని కాలంలో పిల్లలే హుండీలు.

షావుకారు పోయాక ఆ రెండో భార్య పేరు నాకు మొదటిసారి కాగితం మీద కనిపించింది. 1865 నుంచి అమల్లోకి వచ్చిన రిజిస్ట్రేషన్ పుణ్యమా అని ఆ దస్తావేజు మిగిలింది. భర్త ఆస్తిలో తనకు ఏ హక్కూ లేదని, కొడుకులు ఏటా ఇచ్చే మనోవర్తితో తృప్తి పడతానని ఆమె ఒప్పుకుంటున్నట్టు రాసి ఉంది. కింద నిశానీ. ఆ తర్వాతి తరాల ఆడవాళ్ల పేర్లు కూడా నాకు ఇలాంటి కాగితాల్లోనే దొరికాయి. మూడేళ్ల పరిశోధనలో నేను తేల్చుకున్నది ఈ ఒక్క మాట: మా వంశంలో ఆడదాని పేరు కాగితం మీదికి ఎక్కింది హక్కు వదులుకున్న రోజునే.

ఇది మా ఇంటి వింత కాదు. కంపెనీ కోర్టులు, ఆ తర్వాత రాణీగారి కోర్టులు దీన్ని చట్టంగా బిగించాయి. మన మచిలీపట్నం పేరు ఈ విషయంలో న్యాయశాస్త్ర గ్రంథాల్లో శాశ్వతంగా నిలిచిపోయింది. మచిలీపట్నం కలెక్టరుకూ, కావలి వెంకట నారాయణప్పకూ మధ్య నడిచిన వ్యాజ్యంలో ప్రీవీ కౌన్సిల్ 1861లో తీర్పు చెప్పింది. భర్త ఆస్తి మీద వితంతువుకు ఉండేది పరిమితమైన హక్కేననీ, ఆమె తర్వాత వారసుడంటూ ఒక్కడూ లేకపోయినా ఆ పరిమితి పోదనీ ఆ తీర్పు సారం. అంటే ఆమెను అడ్డుకునేది వారసుడి ప్రయోజనం కూడా కాదు. ఆడది కావడమే పరిమితి. 1856 వితంతు వివాహ చట్టం కూడా మళ్లీ పెళ్లాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తి మీద హక్కు తీసేసింది. సంస్కరణ ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కుంది.

ఎదురయ్యే మాటలు

ఈ విషయాలు మాట్లాడితే మూడు వైపుల నుంచి అభ్యంతరాలు వస్తాయి. మొదటిది ఇంటి నుంచి: "ఆ కాలం అలాంటిదమ్మా, ఇప్పటి కళ్లతో చూడకు." ఆ కాలం అంతా ఒకేలా లేదు. అదే బందరులో 1902లో భండారు అచ్చమాంబ బృందావన స్త్రీల సమాజం పెట్టింది. అంతకు ముందే, 1901లో, "అబలా సచ్చరిత్ర రత్నమాల" ప్రచురించింది. ఏ కాలేజీ మెట్టూ ఎక్కకుండా, ఆడవాళ్ల చరిత్రలు వెతికి వెతికి గుదిగుచ్చింది. నూట ఇరవై ఏళ్ల కిందట ఒక స్త్రీ ఒంటిచేత్తో చేసిన పనిని ఇవాళ కంప్యూటర్లు పెట్టుకుని వంశవృక్షాలు గీసే మగవాళ్లు చేయలేకపోతే దానికి కాలాన్ని నిందించడం ఎందుకు?

రెండో అభ్యంతరం మన మిత్రుల నుంచి: "షావుకార్ల ఇళ్ల ఆడవాళ్ల నగల గురించి మనకెందుకు? శ్రమ చేసిన కులాల స్త్రీల చరిత్రే ముఖ్యం కదా." ఇందులో నిజం ఉంది. 1986లో స్త్రీశక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చినప్పుడు తెలంగాణ పోరాట స్త్రీల గొంతులు మనకు వినిపించాయి. చరిత్రను అలా కింది నుంచే మొదలుపెట్టాలి. మా ఇంటి ఆడవాళ్ల మెడలో బంగారం కూడా రాట్నం తిప్పినవాళ్ల కూలి నుంచి వచ్చిందే, అది దాచను. కానీ ఈ రెండు చరిత్రలూ ఒకే చిట్టాలో ఉన్నాయి. నూలు వడికిన మనిషిని లెక్కలోకి రానివ్వని కలమే, నగ ఇచ్చిన భార్యను "ఇల్లు" అని రాసింది. ఒకరిది కూలి దోపిడీ, ఇంకొకరిది వారసత్వ దోపిడీ. ఇవి సమానం కావు, కానీ ఒకదాన్నొకటి పోషించాయి. ఆస్తి ఎలా పోగయిందో తెలియాలంటే ఆస్తి ఉన్న ఇళ్ల తలుపులు కూడా లోపలి నుంచి తెరవాలి. ఆ పని మాలాంటివాళ్లు చేయకపోతే ఎవరు చేస్తారు?

మూడో అభ్యంతరం చట్టం తెలిసినవాళ్లది: "ఇప్పుడు అన్ని హక్కులూ వచ్చేశాయి కదా, పాత గొడవ దేనికి?" వచ్చాయి, నిజమే. ఊరికే రాలేదు. 1937 చట్టం వితంతువుకు వాటా ఇచ్చి, అదీ పరిమితమే అంది. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షనుతో ఆ పరిమితిని తొలగించింది. మనోవర్తి కింద వచ్చిన ఆస్తి కూడా స్త్రీకి సంపూర్ణ హక్కుతో చెందుతుందని 1977లో సుప్రీంకోర్టు తులసమ్మ కేసులో చెప్పింది. ఆ తులసమ్మ మన ఆంధ్రదేశపు మనిషే. ఆడపిల్లకు పుట్టుకతోనే సమష్టి ఆస్తిలో హక్కు ఉందని ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. కానీ ఆ తేదీకి ముందు పెళ్లయినవాళ్లను వదిలేసింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో తేలింది.

మరి చట్టం ఇంత దూరం వచ్చాక ఏం జరుగుతోంది? ఆడపిల్లను వాటా నుంచి తప్పించడానికి ఇప్పుడు చట్టం పనికిరాదు కాబట్టి ఆమె సంతకం కావాలి. హక్కు విడుదల పత్రం తయారు చేసి, పసుపు కుంకుమ కింద ఒక చీరా, నాలుగు నోట్లూ పళ్లెంలో పెట్టి, "అన్నదమ్ములతో తగవు పెట్టుకుంటావా" అంటూ పెన్ను చేతికిస్తారు. సంతకం చేస్తే మంచి ఆడపడుచు. చేయకపోతే పుట్టింటి గడప తొక్కే వీలుండదు. ఇచ్చిన కట్నాన్ని వాటా కింద లెక్క కడతారు. కట్నం అత్తింటి చేతికి పోయింది, వాటా ఆమె పేరున ఉండేది. రెండూ ఒకటెలా అవుతాయి?

మా బందరు ఇంటి స్థలం అమ్మకానికి వచ్చింది. వంశచరిత్ర పుస్తకం, విడుదల పత్రాలు ఒకే నెలలో తయారవడం కాకతాళీయం కాదని నేను అనుకుంటున్నాను. మూలపురుషుడి కీర్తి పాడే సభలోనే ఆడపిల్లల చేత సంతకాలు పెట్టించాలని ఏర్పాటు. మా అత్తయ్యలు, అక్కచెల్లెళ్లు, నేను కలిసి పదకొండు మందిమి. అందరం ఒకే మాట మీద లేము. ఇద్దరు సంతకం చేసేశారు, వాళ్ల కష్టాలు వాళ్లవి, నేను తప్పు పట్టను. తొమ్మిది మందిమి చేయలేదు. పుస్తకంలో మా అందరి పేర్లూ, తెలిసినంతవరకు అయిదు తరాల ఆడపిల్లల పేర్లూ వేస్తే తప్ప చర్చే లేదని చెప్పాం. తెలియని పేర్ల చోట ఖాళీ గీత గీసి, ఖాళీగానే అచ్చు వేయమన్నాం. ఉప్పెనలో పోయిన ఆ ఇద్దరు ఆడపిల్లలకు రెండు ఖాళీ గీతలైనా ఉండాలి.

జిల్లాల్లో పనిచేస్తున్న మిత్రులకు నా మనవి ఇది. మన కేంద్రాలకు వచ్చే ఆస్తి కేసుల్లో మొదటి రోజే ఆమె చేత వంశవృక్షం గీయించండి. తల్లి వైపు నుంచి మొదలుపెట్టించండి. నాయనమ్మ పేరు, అమ్మమ్మ పేరు, మేనత్తల పేర్లు రాయించండి. ఊళ్లో పెద్ద వయసు ఆడవాళ్ల దగ్గర కూర్చుని వాళ్లు చెప్పేది తేదీ వేసి రాసుకోండి. రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించి, పాత దస్తావేజుల్లో ఏ ఆడమనిషి చేత ఎప్పుడు ఏం రాయించారో చూడండి. చదివి వినిపించని కాగితం మీద ఎవరి చేతా వేలిముద్ర వేయనివ్వకండి. సంతకానికి ముందు ఒక్క వారం గడువు అడిగించినా చాలు, ఆ వారంలో చాలా మారుతుంది.

వంశచరిత్రలు రాసే పెద్దలకు ఒక్క మాట. మీ మూలపురుషుడిని మేము చెరిపేయబోవడం లేదు. అతన్ని మోసుకొచ్చిన తల్లిని, అతనికి నగలిచ్చిన భార్యను, అతని సరుకుకు నూలు వడికిన కూలి మనిషిని, అతని కళ్లముందే నీళ్లలో పోయిన కూతుళ్లను అతని పక్కన రాయమంటున్నాం. అలా రాస్తే అతను చిన్నవాడైపోతాడని మీకు భయంగా ఉందంటే, అతని గొప్పతనం ఎవరి సొమ్మో మీకూ తెలుసన్నమాట.